భోజనం మధ్యలో నీళ్ళు తాగితే జీర్ణరసం పలచబడుతుందా?

లంక_అబ్బాయి (ముక్తేశ్వరం)

అందరికీ నమస్కారమండి. మా ఇంట్లో రోజూ అన్నాల దగ్గర ఇదే గొడవ. మా పిల్లాడు ముద్దకో గుక్క నీళ్ళు తాగుతాడు. మా అమ్మ ఊరుకోదు. "నీళ్ళు తాగితే కడుపులో రసం పలచబడిపోతుంది, తిన్నది అరగదు" అని గ్లాసు తీసి పక్కన పెట్టేస్తుంది. భోజనానికి అరగంట ముందు, గంట తర్వాత తప్ప నీళ్ళు ముట్టకూడదని వాట్సాప్‌లో కూడా తిరుగుతోంది. ఇంకోపక్క మా నాన్నగారు గ్యాస్ అంటూ చాలాకాలంగా మధ్యాహ్నం భోంచేశాక పాంటాప్రజోల్ వేసుకుంటున్నారు. రసం తగ్గితే అరగదని ఒకరు, అదే రసం తగ్గడానికి మాత్ర వేసుకుంటూ ఇంకొకరు! అసలు లోపల ఏం జరుగుతుందో తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి. లెక్కలున్నా పర్వాలేదు, డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను.

ఆచంట_బాబాయ్ (ఆచంట)

మీ అమ్మగారు చెప్పిందే సబబు. మండే పొయ్యి మీద నీళ్ళు చల్లితే ఏమవుతుంది? జఠరాగ్ని కూడా అంతే. మా చిన్నప్పుడు పెద్దవాళ్ళు పెరుగన్నం అయ్యేదాకా చెంబు ముట్టనిచ్చేవాళ్ళు కాదు. నేను భోజనం మీద నీళ్ళు బాగా తాగిన రోజున సాయంత్రం దాకా కడుపు బరువుగానే ఉంటుంది. ఇది పుస్తకంలో చదివి చెప్పే మాట కాదు.

బయోకెమ్_కాకినాడ (కాకినాడ)

బాబాయ్ గారూ, మీకు కడుపు బరువనిపించడం నిజమే. దాని కారణం వేరు, చివర్లో చెప్తాను. ముందు లెక్క చూద్దాం. వైద్య విద్యార్థులకు ఈ పాఠమే చెప్తుంటాను కాబట్టి కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

కడుపులో ఊరేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం అని విలియం ప్రౌట్ 1824లోనే తేల్చాడు. ఖాళీ కడుపులో పీహెచ్ (ఆమ్ల తీవ్రతకి కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఘాటు ఎక్కువ) 1.5 ప్రాంతంలో ఉంటుంది. అలాంటి రసం 100 మిల్లీలీటర్లు ఉందనుకుని దాని మీద 200 మిల్లీలీటర్ల గ్లాసుడు నీళ్ళు పోయండి. ఆమ్లం మూడింతలు పలచబడింది. పీహెచ్ లాగరిథమ్ లెక్క, అంటే పదింతలు పలచబడితే ఒక అంకె పెరుగుతుంది కాబట్టి, మూడింతలు పలచబడితే పెరిగేది 0.48 మాత్రమే. 1.5 ఉన్నది 2 దగ్గరికి వస్తుంది. ప్రొటీన్లను తుంచే పెప్సిన్ బాగా పనిచేసేదే 1.5కీ 2.5కీ మధ్య. అంటే గ్లాసుడు నీళ్ళ తర్వాత కూడా అది తన హద్దులోనే ఉంది.

నిజానికి ఆమ్లాన్ని ఎక్కువగా తగ్గించేది మనం తినే తిండే. పప్పులో, చేపలో ఉండే ప్రొటీన్లు హైడ్రోజన్ అయాన్లను పట్టేసుకుంటాయి. భోజనం మొదలుపెట్టిన కాసేపటికి కడుపులో పీహెచ్ 4, 5 దాకా, ఒక్కోసారి ఇంకా పైకి వెళ్తుంది. శరీరానికి అదే కబురు. ప్రొటీన్ ముక్కలు తగలగానే, కడుపు సాగగానే కడుపు గోడలోని జీ కణాలు గ్యాస్ట్రిన్ అనే హార్మోన్ వదులుతాయి. అది రక్తంలో కలిసి వెళ్ళి హిస్టమిన్ విడుదల చేయిస్తుంది. ఆ రెండూ కలిసి ఆమ్లం చేసే పరైటల్ కణాలను పనిలో పెడతాయి. తిన్నదానికి సరిపడా ఆమ్లం చేరి పీహెచ్ బాగా దిగిపోయాక డీ కణాలు సొమాటోస్టాటిన్ వదిలి, ఇక చాలు అని ఆపుతాయి. కాబట్టి ఇది ముందే కొలిచి పెట్టుకున్న రసం కాదు. కొలుస్తూ, పోస్తూ ఉండే రసం. నీళ్ళ వల్ల కాస్త పలచబడితే ఆ కాస్తా మళ్ళీ పోస్తుంది.

ఇంకో అంకె కూడా చూడండి. రోజుకి లాలాజలం లీటరు నుంచి లీటరున్నర, జఠరరసం దాదాపు 2 లీటర్లు, క్లోమరసం (ప్యాంక్రియాస్ నుంచి వచ్చేది) లీటరున్నర, పైత్యరసం అర లీటరు పైన, వాటికి తోడు పేగు రసాలు. అన్నీ కలిపి సుమారు 7 లీటర్లు మన ఒంట్లోంచే జీర్ణమార్గంలోకి దిగుతాయి. మనం తాగేది, తిండితో లోపలికి వెళ్ళేది కలిపి 2 లీటర్లు. ఈ 9 లీటర్లలో మలంతో బయటికి పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లే. మిగతాదంతా పేగులు వెనక్కి తీసుకుంటాయి. ఇంత రసం నడిచే చోట పిల్లాడు తాగే గ్లాసుడు నీళ్ళు ఏ మూలకి?

ఇక బరువు సంగతి. కడుపు నిండా తిని దాని మీద చెంబుడు నీళ్ళు తాగితే కడుపు బాగా సాగుతుంది, అన్నవాహిక చివర ఉండే కవాటం వదులై ఆమ్లం పైకి ఎగదన్నవచ్చు. మంట, బరువు అందుకే. అలాంటివాళ్ళు కొంచెం కొంచెంగా తాగితే సరిపోతుంది. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళకి డాక్టరు నీళ్ళు కొలిచి తాగమంటే అది వేరే విషయం, దాన్ని దీనితో కలపొద్దు.

ఆయుర్వేదం_ఇష్టం (రాజమహేంద్రవరం)

మేడమ్ గారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. మధ్యలో నీళ్ళు తాగొద్దని ఆయుర్వేదం చెప్పిందనుకుంటారు చాలామంది. వాగ్భటుడు అష్టాంగ హృదయంలో చెప్పింది వేరు: భోజనానికి ముందు తాగితే చిక్కిపోతారు, చివర తాగితే లావవుతారు, మధ్యలో తాగితే సమంగా ఉంటారని. మధ్యలో తాగడమే మంచిదని ఆయన పక్షం. శాస్త్రం పేరు చెప్పి పిల్లల్ని నీళ్ళు తాగనివ్వకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఆచంట_బాబాయ్ (ఆచంట)

వాగ్భటుడు అన్నది నేనూ విన్నాను. మధ్యలో అంటే రెండు గుక్కలు అని అర్థం, ముద్దకో గుక్క అని కాదు. ముద్దకో గుక్క తాగేవాడు సరిగ్గా నమలడు, నీళ్ళతో దించేసుకుంటాడు. నా అభ్యంతరం అక్కడ.

రావులపాలెం_సైన్స్ టీచర్ (రావులపాలెం)

బాబాయ్ గారు ఇప్పుడన్న మాట చాలా సరైనది. నమలడం గురించి ఎవరూ మాట్లాడరు. అన్నంలో పిండి పదార్థాన్ని తుంచడం నోట్లోనే మొదలవుతుంది. దీన్ని పిల్లల చేత స్కూల్లో చేయిస్తాం, మీరు ఇంట్లో కూడా చేయొచ్చు.

అన్నం వార్చిన గంజి ఒక చెంచా తీసుకుని అర గ్లాసు నీళ్ళలో కలపండి. గోరువెచ్చగా ఉండాలి, వేడి ఉంటే లాలాజలంలో పిండిని తుంచే ఎంజైమ్, అమైలేజ్, పాడైపోతుంది. నాలుగు చిన్న గాజు గ్లాసుల్లో సమంగా పోయండి. మొదటిదాంట్లో ఏమీ కలపొద్దు. రెండోదాంట్లో ఒక చెంచాడు లాలాజలం. మూడోదాంట్లో బాగా మరిగించి చల్లార్చిన లాలాజలం. నాలుగోదాంట్లో లాలాజలంతో పాటు ఒక చెంచా వెనిగర్. తెల్లటి పింగాణీ ప్లేటులో టింక్చర్ అయోడిన్ చుక్కలు వరుసగా పెట్టుకుని, ప్రతి నిమిషానికీ ఒక్కో గ్లాసులోంచి ఒక్కో బొట్టు తీసి ఆ చుక్కల్లో వేయండి.

మొదట్లో అన్నీ సిరా రంగులోకి వస్తాయి. కాసేపటికి రెండో గ్లాసు బొట్టు ఊదాగా, తర్వాత ఎర్రటి గోధుమ రంగుగా మారి, చివరికి అయోడిన్ సొంత పసుపు రంగే మిగులుతుంది. పిండి పదార్థంలోని అమైలోజ్ అనే పొడుగు గొలుసు సుళ్ళు తిరిగి ఉన్నంతసేపే అయోడిన్ అందులో ఇరుక్కుని నీలంగా కనిపిస్తుంది. గొలుసు పొట్టిదయ్యేకొద్దీ రంగు పోతుంది. మిగతా మూడు గ్లాసులూ నీలంగానే ఉంటాయి. మరిగిస్తే అమైలేజ్ చచ్చిపోయింది, పులుపుకి పనిచేయలేదు.

ఒక్క జాగ్రత్త. వెనిగర్ బదులు నిమ్మరసం వాడొద్దు. నిమ్మకాయలో ఉండే సి విటమిన్ అయోడిన్ రంగునే తీసేస్తుంది. అమైలేజ్ పనిచేసిందని పిల్లలు పొరపాటు పడతారు.

ఇక్కడ ఇంకో ఆసక్తికరమైన విషయం. మింగిన ముద్ద మధ్యలోకి కడుపు ఆమ్లం దిగేదాకా నోటి అమైలేజ్ అక్కడ కూడా పని చేస్తూనే ఉంటుంది. భోజనం మొదట్లో పీహెచ్ ఎక్కువుంటుందని మేడమ్ చెప్పారు కదా, దానికి కలిసొచ్చే సమయం అదే.

లంక_అబ్బాయి (ముక్తేశ్వరం)

టీచర్ గారూ, ఆదివారం మా పిల్లాడి చేతే చేయిస్తాను. మేడమ్ గారూ, ఒక సందేహం. పీహెచ్ 1.5 అంటే ఇనుముకి కూడా తుప్పు పట్టిస్తుంది. మాంసాన్ని అరిగించే రసం కడుపు గోడను ఎందుకు తినేయదు? అలాగే నాన్నగారి మాత్ర సంగతి కూడా చెప్పండి.

బయోకెమ్_కాకినాడ (కాకినాడ)

మంచి ప్రశ్న. కడుపు గోడ మీద చిక్కటి జిగురు పొర ఉంటుంది. ఆ పొర కింద కణాలు ఆమ్లాన్ని విరిచే బైకార్బనేట్ వదులుతూ ఉంటాయి. జిగురు పైన పీహెచ్ 2 ఉన్నా, దాని కింద కణం దగ్గర దాదాపు 7 ఉంటుంది. పెప్సిన్ కూడా మొదట పెప్సినోజెన్‌గా, పని చేయని రూపంలో వస్తుంది. ఆమ్లం తగిలాకే దాని ముందున్న ముక్క తెగి, పెప్సిన్ అవుతుంది. పైగా గోడ మీది కణాలు కొద్ది రోజులకే పాతవి రాలి కొత్తవి వస్తాయి.

ఈ జిగురునీ బైకార్బనేట్‌నీ నిలబెట్టేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు. మోకాళ్ళ నొప్పులని డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు మందుల షాపులో అడిగి తెచ్చుకుని రోజూ మింగితే ఆ ప్రోస్టాగ్లాండిన్లు తగ్గిపోయి గోడకి పుండు పడుతుంది. పుండ్లకి రెండో పెద్ద కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. అది యూరియేజ్ అనే ఎంజైమ్‌తో అమ్మోనియా చేసుకుని తన చుట్టూ ఆమ్లాన్ని తగ్గించుకుని బతుకుతుంది. దాన్ని కనిపెట్టిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకి 2005లో నోబెల్ వచ్చింది. అల్సర్‌కి కారం ఒక్కటే కారణమని ఆవకాయ మానేసి, మాత్రలు మాత్రం మానని వాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు.

ఇప్పుడు పాంటాప్రజోల్. పరైటల్ కణంలో ఒక పంపు ఉంటుంది. కణాలకి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చు చేస్తూ ఒక పొటాషియం అయాన్‌ని లోపలికి లాగి, ఒక హైడ్రోజన్ అయాన్‌ని బయటికి తోస్తుంది. కణం లోపలికీ బయటికీ హైడ్రోజన్ అయాన్ల గాఢతలో తేడా పది లక్షల రెట్లు. ఒంట్లో అంత ఎత్తుకి తోసే పంపు ఇంకోటి దొరకడం కష్టం. పాంటాప్రజోల్ ఆ పంపుకి శాశ్వతంగా అతుక్కుంటుంది. అయితే అది రక్తంలోంచి వచ్చి, పంపు నడుస్తూ ఆమ్లం చేస్తున్న చోటే మందుగా మారుతుంది. రక్తంలో గంటో రెండు గంటలో అయ్యేసరికి సగానికి తగ్గిపోతుంది. అందుకే తిండికి అరగంట ముందు వేసుకోవాలి. తిండి వచ్చి పంపులు లేచే సమయానికి మందు అక్కడ సిద్ధంగా ఉండాలి. భోజనం అయ్యాక వేసుకుంటే చాలా పంపులు తప్పించుకుంటాయి. పొద్దున్నే నిద్ర లేచాక ఖాళీ కడుపుతో, టిఫిన్‌కి ముందు వేసుకోమని డాక్టర్లు చెప్పేది అందుకే. అయితే చాలాకాలంగా వాడుతున్నారంటే టైమ్ మార్చుకోవడం కంటే ముందు, ఇంకా అవసరమా అని డాక్టర్ని అడగాలి.

భీమవరం_ల్యాబ్ (భీమవరం)

ఏటీపీ మాట వచ్చింది కాబట్టి మా ఊరి పేరు చెప్పకుండా ఉండలేను. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో పుట్టింది భీమవరంలోనే. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో ఇచ్చారు, ఆ దారిలోనే 1929లో ఏటీపీని వేరుచేశారు. మేడమ్ చెప్పిన ఆ పంపు తాగే ఇంధనం అదే.

ఈ చర్చకి ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు. స్ప్రూ వచ్చినవాళ్ళకి చిన్నపేగులో వేళ్ళలా ఉండే మొలకలు అరిగి చదునవుతాయి. రసాలన్నీ బాగానే ఊరతాయి, తిన్నది కూడా విడిపోతుంది, కానీ పీల్చుకునే చోటు ఉండదు. విరేచనాలు, రక్తహీనత, చిక్కిపోవడం. ఆ జబ్బుకి పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ని 1945లో లెడర్లీ కంపెనీలో తయారుచేసింది సుబ్బారావు గారు నడిపిన బృందమే. అరుగుదల అంటే కడుపు ఒక్కటే అనుకుంటాం మనం. అసలు పని అంతా చిన్నపేగులోనే ఉందని ఆ కుటుంబం పడ్డ కష్టం చూస్తే అర్థమవుతుంది.

మా ల్యాబ్‌కి తీవ్రమైన కడుపునొప్పితో వచ్చేవాళ్ళకి అమైలేజ్, కొవ్వుని తుంచే లైపేజ్ పరీక్షలు రాస్తారు డాక్టర్లు. ఆ రెండూ క్లోమంలో తయారయ్యేవే, పేగులో ఉండాల్సినవి. రక్తంలో మామూలు హద్దుకి మూడు రెట్లు దాటి కనిపిస్తే క్లోమం వాచిందని అనుమానించాలి. అమైలేజ్ తొందరగా దిగిపోతుంది, లైపేజ్ ఎక్కువ రోజులు నిలుస్తుంది. నొప్పి మొదలై రోజులు గడిచాక వస్తే లైపేజ్ మీదే ఎక్కువ ఆధారపడాలి. మద్యం అలవాటు, పిత్తాశయంలో రాళ్ళు, ఇవే ముఖ్య కారణాలు.

క్లోమం తనని తాను కాపాడుకునే పద్ధతి చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ప్రొటీన్లను తుంచే ట్రిప్సిన్‌ని ట్రిప్సినోజెన్‌గా నిద్రపుచ్చి పంపుతుంది. దాన్ని లేపే ఎంటరోకైనేజ్ ఉండేది పేగు గోడ మీద మాత్రమే. అక్కడికి చేరాక లేచిన ట్రిప్సిన్ మిగతావాటన్నిటినీ లేపుతుంది. ఏ కారణం చేతైనా క్లోమంలోనే లేచిందా, తన గోడలనే తింటుంది. ఆ నొప్పితో వంగిపోయి వచ్చిన మనుషుల్ని చూశాను, చూడలేం.

నరసాపురం_కోడలు (నరసాపురం)

మా అత్తయ్యగారికి ఈ మధ్యే పిత్తాశయం తీసేశారు, రాళ్ళున్నాయని. ఇప్పుడు పులస సీజను. ఆవిడకి ప్రాణం అది. మావయ్యగారు ఒక్క ముక్క కూడా పెట్టొద్దంటున్నారు, పైత్యమే లేనప్పుడు కొవ్వు ఎలా అరుగుతుందని. ఆవిడ ముఖం చూస్తే బాధగా ఉంది. అదీకాక భోజనం అయిన వెంటనే రెండు మూడుసార్లు విరేచనం అవుతోంది.

ఆకివీడు_చెరువులు (ఆకివీడు)

చెల్లెమ్మా, నీ ప్రశ్నకి మేడమ్ చెప్తారు. మధ్యలో ఒక హెచ్చరిక మాత్రం అందరికీ. చేప కడిగేటప్పుడు పచ్చటి చిన్న తిత్తి ఉంటుంది, పగిలితే ముక్కంతా చేదెక్కుతుంది. అదే చేప పిత్తాశయం. సుగర్‌కీ, ఉబ్బసానికీ మంచిదని శీలావతి, బొచ్చె చేపల తిత్తి పచ్చిగా మింగేవాళ్ళు ఉన్నారు. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు. ఆ జాతి చేపల పైత్యంలో ఉండే సైప్రినాల్ అనే పదార్థం కిడ్నీలను దెబ్బతీస్తుంది, లివర్‌ని కూడా. డయాలసిస్ దాకా వెళ్ళిన కేసులు మన దేశంలోనే వైద్య పత్రికల్లో వచ్చాయి. చెరువుల మీద బతికేవాళ్ళం, మాకు తెలిసినంత వరకైనా చెప్పాలి కదా.

బయోకెమ్_కాకినాడ (కాకినాడ)

ఆకివీడు వారికి కృతజ్ఞతలు, ఇది చాలామందికి తెలియదు.

అమ్మా, పైత్యరసాన్ని తయారుచేసేది కాలేయం. పిత్తాశయం దాన్ని దాచి చిక్కబరిచే చోటు మాత్రమే. తిత్తి తీసేసినా కాలేయం రోజూ అర లీటరు పైన చేస్తూనే ఉంటుంది, అది నేరుగా పేగులోకి జారుతుంటుంది. పైత్యరసంలో కొవ్వుని తుంచే ఎంజైమ్ ఏదీ ఉండదు. కొలెస్టరాల్ నుంచి తయారైన పైత్య లవణాలు కొవ్వుని సన్నటి బొట్లుగా విడగొడతాయి, అంతే. తుంచే పని క్లోమం పంపే లైపేజ్‌ది. బొట్టు చుట్టూ లవణాలు కమ్ముకుని ఉంటే లైపేజ్‌కి పట్టు దొరకదు, కోలైపేజ్ అనే చిన్న ప్రొటీన్ దాన్ని అక్కడ నిలబెడుతుంది. మీ అత్తయ్యగారికి ఇవన్నీ ఉన్నాయి. లేనిదల్లా, కొవ్వు రాగానే సీసీకే హార్మోన్ పిలిస్తే తిత్తి పిండుకుని ఒక్కసారిగా చిక్కటి రసం పోసే వీలు. అందుకే పెద్ద విస్తరి ఇబ్బంది పెడుతుంది, చిన్న ముక్క పెట్టదు. ఆపరేషన్ చేసిన డాక్టరు మామూలు తిండి తినమన్నాక ఒక పులస ముక్క, నూనె తేలకుండా చేసిన పులుసులో, అన్నంతో పెట్టి చూడండి. పడితే ఇంకోసారి.

విరేచనాల సంగతికి వద్దాం. పైత్య లవణాల్లో దాదాపు 95 శాతాన్ని చిన్నపేగు చివరి భాగం వెనక్కి పీల్చుకుని కాలేయానికి పంపుతుంది. తిత్తి లేనప్పుడు రసం ఆగకుండా పారడంతో కొందరిలో కొన్ని లవణాలు పెద్దపేగులోకి దిగిపోతాయి. అక్కడ అవి నీటిని ఊరిస్తాయి. తిన్న వెంటనే పరుగెత్తాల్సి రావడం అందుకే. చాలామందికి కొద్ది నెలల్లో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే ఆ లవణాలను పట్టి ఉంచే కొలెస్టిరమైన్ లాంటి మందు ఉంది, డాక్టరు రాస్తారు. అరగలేదని మీరే ఏవో ఎంజైమ్ మాత్రలు కొని వేయొద్దు.

మార్టేరు_పొలం (మార్టేరు)

అన్నం గురించి టీచర్ గారు చెప్పిన అమైలోజ్ మాట దగ్గర ఆగిపోయాను. మా మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ, అదే ఎంటీయూ 7029, అమైలోజ్ ఎక్కువున్న రకం. 2012లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, ఆస్ట్రేలియా సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓ 235 రకాల బియ్యం చూస్తే గ్లైసెమిక్ ఇండెక్స్ (తిన్నాక రక్తంలో సుగర్ ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె) 48 నుంచి 92 దాకా వచ్చింది. అందులో తక్కువ వైపు నిలిచినవాటిలో స్వర్ణ ఉంది. పిండిలో ఉండే రెండో రకం, కొమ్మలుగా చీలిన అమైలోపెక్టిన్‌ని ఎంజైమ్ త్వరగా తుంచుతుంది. పొడుగు గొలుసులా ఒత్తుగా సర్దుకున్న అమైలోజ్‌ని తుంచడం ఆలస్యం. లావు బియ్యమని మనవాళ్ళే చిన్నచూపు చూస్తారు స్వర్ణని.

చద్దన్నం కూడా ఇలాంటిదే. చల్లారిన అన్నంలో గొలుసులు మళ్ళీ గట్టిపడి, కొంత పిండి ఎంజైమ్‌కి లొంగకుండా పెద్దపేగు దాకా వెళ్తుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ చేస్తుంది, పెద్దపేగు కణాలకి ముఖ్యమైన ఆహారం అది. దాంట్లో కలిపే మజ్జిగ కూడా మంచిదే. పాలు పడనివాళ్ళలో చాలామందికి పెరుగు పడుతుంది. తోడులోని బ్యాక్టీరియా పాలలోని చక్కెర లాక్టోజ్‌ని కొంత ముందే వాడేసుకుంటుంది, మిగిలినదాన్ని తుంచే ఎంజైమ్ కూడా వాటి దగ్గరే ఉంటుంది.

భీమవరం_ల్యాబ్ (భీమవరం)

మార్టేరు అన్నయ్యా, స్వర్ణ మీద మీ అభిమానం న్యాయమే. సుగర్ ఉన్నవాళ్ళకి మాత్రం ఒక మాట. తక్కువ ఇండెక్స్ అని కంచం నిండా పెట్టుకుంటే రక్తంలో సుగర్ పెరగకుండా ఉండదు. గ్లూకోజ్ నెమ్మదిగా వచ్చినా మొత్తం లెక్క పరిమాణం మీదే. చద్దన్నమైనా అంతే. రిపోర్టులు రోజూ చూస్తాను, అందుకే గట్టిగా చెప్తున్నాను. ఇంకోటి, వేసవిలో రాత్రంతా బయట ఉంచిన అన్నం వాసన మారితే తినొద్దు.

లంక_అబ్బాయి (ముక్తేశ్వరం)

మేడమ్ గారూ, నాన్నగారిని శనివారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఇన్నాళ్ళు మాత్ర వాడినందుకు ఏవైనా పరీక్షలు చేయించమని అడగాలా?

బయోకెమ్_కాకినాడ (కాకినాడ)

బి12 గురించి అడగండి. తిండిలో బి12 ప్రొటీన్లకి అతుక్కుని ఉంటుంది. దాన్ని విడదీసేది ఆమ్లం, పెప్సిన్. విడిపోయాక, అదే పరైటల్ కణాలు వదిలే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్‌తో జతకట్టి చిన్నపేగు చివర పీల్చుకోబడుతుంది. ఏళ్ళ తరబడి ఆమ్లం తగ్గించి ఉంచితే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. మీ నాన్నగారు శాకాహారులైతే, లేదా సుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఇంకా ముఖ్యం. కాళ్ళు తిమ్మిర్లు, నడకలో తూలు ఉన్నాయేమో గమనించి డాక్టరుకి చెప్పండి. మెగ్నీషియం కూడా చూడమనొచ్చు. మోకాళ్ళకో నడుముకో నొప్పి మాత్రలు వాడుతుంటే ఆ చీటీ కూడా తప్పకుండా పట్టుకెళ్ళండి, లేకపోతే గ్యాస్ మాత్ర ఎందుకు రాశారో, ఆపొచ్చో లేదో ఆయన తేల్చలేరు.

భీమవరం_ల్యాబ్ (భీమవరం)

బి12 శాంపిల్ ఇచ్చే ముందు ఇంజెక్షన్లు గానీ, విటమిన్ మాత్రలు గానీ మొదలుపెట్టొద్దండి. మొదలుపెట్టాక చేస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది, అసలు లోటు కనపడదు. ఈ మధ్య ఏవైనా వాడి ఉంటే ఆ సంగతి శాంపిల్ తీసేవాళ్ళకి చెప్పి, చీటీ మీద రాయించండి.